పరీక్ష రాసిన చెయ్యి

పాప పెదవులు రంగు మారడం మొట్టమొదట చూసింది సక్షనక్క.

ఆ సమయానికి డాక్టరు కిటికీ దగ్గర నిలబడి, కొత్త బ్రాంచికి ఏ రంగు టైల్స్ వేయించాలో ఫోన్లో తేలుస్తున్నాడు. నాలుగేళ్ళ పాప, అరగంట క్రితం తాగించిన మత్తు సిరప్ తలకెక్కి, పెద్దవాళ్ళ కుర్చీలో ఒక పక్కకి జారిపోయి ఉంది. రెండు దవడ పళ్ళు నింపడం అయింది, మూడోది మిగిలింది. గడ్డం వచ్చి గుండెల మీద ఆనింది. నోట్లో ఉమ్మి లాగే గొట్టం గురగురమంటూనే ఉంది గానీ గుండెల మీద కప్పిన గుడ్డ కదలడం లేదు. సక్షనక్క గొట్టం పక్కన పడేసి, పాప గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకెత్తింది. పిలిచింది. భుజం మీద గిచ్చింది. మూడోసారి గట్టిగా గిచ్చాక, పాప గురకలాంటి చప్పుడు చేసి ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. పెదవుల మీద నీలం మెల్లగా విరిగింది.

డాక్టరు ఫోను దించి వెనక్కి తిరిగాడు.

"ఎందుకు లేపుతున్నావు? నిద్రపుచ్చడానికి అరగంట పట్టింది."

"ఊపిరి తీసుకోలేదు సార్."

"నీకన్నీ వింతలే. గొట్టం పట్టుకో."

మూడో పన్ను కూడా నింపాడు. పాపని తల్లి భుజానికి అప్పగిస్తూ, "చూశారా, ఏడుపు లేదు, గొడవ లేదు. హాయిగా నిద్రపోయింది," అన్నాడు. ఆ తల్లి, "అంతా మీ చేతి చలవ డాక్టర్ గారూ," అంది. పాప తల ఆమె భుజం మీద అటూ ఇటూ దొర్లుతుంటే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. సక్షనక్క సింకు దగ్గర పరికరాలు కడుగుతూ అద్దాల తలుపులోంచి అదంతా చూసింది. చిన్న అద్దం ఒకటి చేతిలోంచి జారి సింకులో పడింది. పగల్లేదు.

నవ్వుల డాక్టరు అని ఆయనకి పేరు. క్లినిక్ బోర్డు మీద ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా ఆయన బొమ్మ ఉంటుంది. లోపల ఆయన నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. సక్షనక్క ఆ కుర్చీ పక్కన ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పట్టుకుని పదహారేళ్ళుగా నిలబడుతోంది. ఆ పేరు మొదట పిల్లలు పెట్టింది, తరవాత అందరికీ అలవాటైంది. ఈ పదహారేళ్ళలో డాక్టరు చేతి పనిని ఆమె ఎప్పుడూ తక్కువగా చూడలేదు. పన్ను నింపితే పదేళ్ళు కదలదు. మనిషి సంగతే వేరు. పన్ను ఒక పిల్లదనీ, ఆ పిల్ల ఊపిరి తీసుకుంటుందనీ ఆయనకి గుర్తుండదు. తనకి తెలియనిది ఈ లోకంలో ఏదైనా ఉందంటే అది తెలుసుకోదగ్గది కాదని ఆయన గట్టి నమ్మకం.

అదే శనివారం సాయంత్రం ఆయన ఆమెని గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకి తోశాడు. పిల్లలకి మత్తు ఇచ్చే పళ్ళ డాక్టర్లంతా మూడు రోజుల శిక్షణ తీసుకుని తీరాలట. లేకపోతే మత్తు మానేయాలట.

"సోమవారం నుంచి. నువ్వు వెళ్ళు."

"నేనా సార్?"

"కూర్చోవడమేగా. మూడు రోజులు క్లినిక్ మూసుకుంటే ఎలా? మొదటిరోజు పొద్దున్న నేనొచ్చి ఫొటో దిగి పోతాను. తరవాత నా బ్యాడ్జి నువ్వు పెట్టుకో. పొడి అక్షరాలూ ఇంటిపేరే ఉంటాయి, ఆడో మగో ఎవడికీ తెలియదు. అక్కడ సంతకాలు పెట్టాలి, నా సంతకం నీకు వచ్చుగా."

వచ్చు. మందుల రశీదుల మీదా, కొరియర్ కాగితాల మీదా ఆ మెలికల సంతకం ఏళ్ళ తరబడి ఆమే పెడుతోంది.

"పరీక్ష ఉంటుందేమో సార్."

"ఉంటే రాయి. పిల్లల పరీక్ష అది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి మత్తు గురించి ఎవరో వచ్చి పాఠం చెప్పడం." ఆయన ముక్కుతో నవ్వాడు.

కాదనొచ్చు. కాదంటే సోమవారం నుంచి ఇంట్లో కూర్చోవాలి. కానీ ఆమె సరేననడానికి అదొక్కటే కారణం కాదు. ఆ పాప ఊపిరి ఎందుకు ఆగిందో, తను గిచ్చితే ఎందుకు వచ్చిందో, గిచ్చినా రాకపోయి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసుకోవాలని ఉంది. అది అడగడానికి ఆ క్లినిక్‌లో మనిషి లేడు.

సోమవారం పొద్దున్న వైద్య కళాశాల సెమినార్ హాల్లో బొకేలు, ఫొటోలు, గంటన్నర ఉపన్యాసాలు అయ్యాయి. పిల్లల భద్రత గురించి మాట్లాడినవాళ్ళలో ముగ్గురికి పిల్లల వార్డు ఏ అంతస్తులో ఉందో కూడా తెలియదని వాళ్ళ మాటల్లోనే తెలిసిపోయింది. నవ్వుల డాక్టరు రెండో వరసలో నిలబడి ఫొటో దిగి, టీ తాగి, మెట్ల దగ్గర సక్షనక్క చేతిలో బ్యాడ్జి పెట్టి కారెక్కాడు. ఆమె దాన్ని చీర కుచ్చిళ్ళ దగ్గర పెట్టుకోవాలా, భుజం మీద పెట్టుకోవాలా తెలియక, పక్కావిడని చూసి మెడలో వేసుకుంది.

పాఠం చెప్పడానికి వచ్చినావిడకి అరవై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, నున్నగా అరిగిన చెప్పులు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ముప్ఫై ఐదేళ్ళు పిల్లలకి ఆపరేషన్ల ముందు మత్తు ఇచ్చిన డాక్టరమ్మ. సంచిలోంచి ఒక రబ్బరు పిల్లాడి బొమ్మని కాళ్ళు పట్టుకుని బయటికి లాగి బల్ల మీద పడుకోబెట్టింది.

"మీరు పళ్ళ డాక్టర్లు. పళ్ళు బాగానే చేస్తారు. ఊపిరి సంగతి మీకు తెలియదు. తెలియదని ఒప్పుకునేవాళ్ళు ముందు వరసలోకి రండి."

నలభై మంది నలభై ఫోన్లలోకి చూసుకున్నారు. సక్షనక్క ఒక్కతే లేచి ముందుకి వెళ్ళి కూర్చుంది. నిజంగానే తెలియదు కాబట్టి ఆమెకి అందులో నామోషీ కనిపించలేదు.

"రండి డాక్టర్ గారూ," అంది మత్తు డాక్టరమ్మ. "ఒక్కరైనా ఉన్నారు."

ఆ పిలుపుకి సక్షనక్క చెవులు వేడెక్కాయి. దించుకున్న తల కాసేపు ఎత్తలేదు. ఆ తరవాత ఎత్తింది, ఇక దించలేదు.

డాక్టరమ్మ బోర్డు మీద రాసేది తక్కువ, బొమ్మ మీద చూపించేది ఎక్కువ. "పిల్లాడి బరువు అడగొద్దు, తూచండి. తల్లి ప్రేమతో రెండు కిలోలు ఎక్కువ చెబుతుంది, మీరు బద్ధకంతో ఇంకో కిలో కలుపుతారు. పాలు తాగి ఆరు గంటలు కాకుండా మత్తు ఇవ్వొద్దు. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు కారుతుంటే పంపించేయండి, వారం ఆగితే పన్ను ఎక్కడికీ పారిపోదు." తరవాత పక్కనున్న మానిటరు మీద చెయ్యి వేసింది. "ఇది అబద్ధం చెప్పదు, కానీ ఆలస్యంగా చెబుతుంది. ఊపిరి ఆగిన ఎంతసేపటికో గానీ ఇందులో అంకె పడదు. అంతకుముందే గుండెల మీద గుడ్డ కదలడం ఆగుతుంది. నోట్లోకి చూసే కళ్ళు గుడ్డని చూడలేవు. కాబట్టి పన్ను చేసేవాడు కాక ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషికి పిల్లని చూడటం తప్ప ఇంకే పనీ చెప్పకూడదు."

సక్షనక్క రాసుకుంటూ ఆగింది. శనివారం తను గుడ్డని చూసింది. చూడమని ఎవరూ చెప్పలేదు, చేతిలో గొట్టం ఉన్నా చూసింది. ఆ పాపని తూచలేదు. ఎప్పుడు తిందో అడగలేదు. సగం నిద్రలో, తల వేలాడుతుండగా ఆటోలో పంపించారు. దారిలో ఆ గడ్డం మళ్ళీ గుండెల మీద వాలి ఉంటే గిచ్చేవాళ్ళెవరు?

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక బట్టతల డాక్టరు పళ్ళెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఫోన్లో పేకాట ఆడింది ఆయనే.

"ఇంకో మనిషి ఉండాలట. విన్నారా మేడమ్? మన దగ్గర ఉండే అసిస్టెంట్లని చూస్తే ఆవిడ ఈ మాట అనేదా? నా దగ్గర ఒకమ్మాయి ఉంది, చెబితే గానీ ఊపిరి కూడా తీసుకోదు. మొద్దు. వీళ్ళ చేతికి పిల్లల్ని అప్పజెప్పాలట. మీ దగ్గర ఎలా ఉన్నారు?"

సక్షనక్క ముద్ద మింగింది. ఆయన మెడలో బ్యాడ్జి, తన మెడలో బ్యాడ్జి, రెండూ ఒకే రంగు తాడు.

"మా దగ్గరా అంతేనండీ," అంది.

అన్నాక ఆ పూట ఆమెకి ఇంకేమీ లోపలికి పోలేదు. పళ్ళెం కడగడానికి లేవబోయి, ఇక్కడ డాక్టర్లు పళ్ళేలు కడగరని గుర్తొచ్చి అక్కడే వదిలేసింది.

రెండో రోజు సాయంత్రం ఇంట్లో మంచం మీద దిండుకి పసిపిల్లల టోపీ తొడిగి సాధన మొదలుపెట్టింది. బొటనవేలూ చూపుడువేలూ ఊపిరి అందించే మాస్కు చుట్టూ, మిగిలిన మూడు వేళ్ళూ దవడ ఎముక మీద. గడ్డం కింద మెత్తటి కండ మీద వేళ్ళు నొక్కితే నాలుక వెనక్కి పోయి, ఉన్న దారి కూడా మూసుకుంటుంది. మాస్కు లేదు కాబట్టి స్టీలు గ్లాసు బోర్లించి పట్టుకుంది. పదో తరగతి చదివే కూతురు నోటు పుస్తకం చూస్తూ ప్రశ్నలు అడుగుతోంది. బస్సు డిపోలో మెకానిక్కయిన భర్త గుమ్మంలో కూర్చుని చేతులకంటిన గ్రీజు సబ్బుతో రుద్దుకుంటున్నాడు.

"డాక్టర్ గారూ, ఆపరేషన్ అయ్యాక భోజనం వడ్డిస్తారా?"

"ఆగండి. ఇంకో రెండు ప్రశ్నలు."

"ఇంత చదివి పాసైతే నీ జీతం పెంచుతాడా ఆయన?"

"ఆయన ఏం పెంచకపోయినా ఫరవాలేదు. ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు ఇప్పుడు." ఆ మాట ఎంత తియ్యగా ఉందో నోట్లోంచి బయటికి వచ్చాక తెలిసింది. "తెల్ల కోటు వేసుకుని గంగిరెద్దులా తల ఊపేవాళ్ళు నలభై మంది. ఒక్కడికీ బొమ్మ పట్టుకోవడం రాదు. వీళ్ళా డాక్టర్లు?"

కూతురు పుస్తకం మూసింది. "అమ్మా, ఆయన పరీక్ష నువ్వు రాస్తున్నావు కదా. మరి మా బళ్ళో ఎవరైనా నా పరీక్ష రాసిపెడతానంటే ఒప్పుకోనా?"

"నోరు మూసుకుని చదువుకో."

"అడిగానంతే."

భర్త సబ్బు నురుగు కడుక్కుని, తనే వంటింట్లోకి వెళ్ళి కంచాలు పెట్టాడు. ఆ పూట దిండుకి టోపీ తీయడం ఎవరికీ గుర్తులేదు.

మూడో రోజు ఇరవై ప్రశ్నల కాగితం. సక్షనక్క పంతొమ్మిది రాసింది. వెనక నుంచి బట్టతల డాక్టరు, "మేడమ్, కాస్త జరగండి, ఎనిమిదోది కనబడటం లేదు," అంటే జరిగింది కూడా. తరవాత బొమ్మ పరీక్ష. మత్తు డాక్టరమ్మ చేతిలో చిన్న మీట పెట్టుకుని నిలబడుతుంది. డాక్టరు బొమ్మ నోట్లోకి వంగి పని నటిస్తుంటే, ఏదో ఒక క్షణంలో మీట నొక్కుతుంది. బొమ్మ గుండెలు ఆగిపోతాయి. అది కనిపెట్టి, పని ఆపి, ఊపిరి అందించాలి.

ఒకాయన మానిటరు అంకె పడేదాకా పన్ను రాపిడి పెడుతూనే ఉన్నాడు. ఒకావిడ మందు మోతాదులు గడగడా అప్పజెప్పింది గానీ బొమ్మని ముట్టుకోలేదు. ఇంకొకాయన మాస్కు తలకిందులుగా పెట్టి కళ్ళ మీద నొక్కాడు. బట్టతల డాక్టరు గడ్డం కింద మెత్తటి చోట అయిదు వేళ్ళూ గుచ్చి, గాలి పోవడం లేదని బొమ్మ చెడిపోయిందన్నాడు. "బొమ్మ బాగానే ఉంది," అంది మత్తు డాక్టరమ్మ. "పిల్ల పోయింది. కూర్చోండి." అందరూ తెల్లమొహాలు వేశారు. సక్షనక్కకి జాలి కలగలేదు. లోపల ఏదో చల్లగా, హాయిగా ఉంది.

ఆమె వంతు వచ్చింది. చేతిలో గొట్టం ఉంది, కళ్ళు గుడ్డ మీద ఉన్నాయి. మీట నొక్కిన చప్పుడు ఆమెకి వినబడలేదు గానీ గుడ్డ ఆగడం కనబడింది. గొట్టం వదిలేసింది, తల వెనక్కి వాల్చింది, మూడు వేళ్ళతో దవడ ఎముక పైకి లాగి మాస్కు ఆనించి దానికున్న గాలి సంచి నొక్కింది. గుండెలు లేచాయి. లెక్కపెట్టుకుంటూ మళ్ళీ నొక్కింది. హాల్లో పేకాట ఆగింది.

మత్తు డాక్టరమ్మ మీట బల్ల మీద పెట్టేసింది. "చూశారా. ఇరవై ప్రశ్నల్లో పంతొమ్మిది, చేతిలో పని నూటికి నూరు. నలభై మందిలో నా మనవడికి మత్తు ఇప్పించాలంటే ఈ డాక్టర్ గారి దగ్గరికే తీసుకెళ్తాను." అందరూ చప్పట్లు కొట్టారు. ఏ అనుమానం వచ్చినా ఫోన్ చెయ్యమని తన నంబరు బోర్డు మీద రాసింది. మూడు రోజుల్లో తొమ్మిదో సంతకం పెట్టి సక్షనక్క సర్టిఫికెట్ అందుకుంది. దాని మీద నవ్వుల డాక్టరు పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉంది. బస్సులో దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మడత పడకుండా ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

గురువారం ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, వచ్చేవాళ్ళు కూర్చునే గదిలో సరిగ్గా సోఫా ఎదుట కొట్టించాడు డాక్టరు. ఫొటో తీసి, 'పిల్లల మత్తు శిక్షణలో మొదటి స్థానం' అని ఫోన్లో ఊరందరికీ పంపించాడు. "పంతొమ్మిదా," అన్నాడు సక్షనక్కతో. "ఇరవయ్యోది ఏం పోయింది?" ఆమె ఎంత కోపంగా చూసిందో ఆయన చూడలేదు. ఆయన ఫ్రేము వంకరగా ఉందా అని చూస్తున్నాడు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి కుట్టుపని చేసే ఒకామె మూడున్నరేళ్ళ కొడుకుని ఎత్తుకుని వచ్చింది. కొలత టేపు ఇంకా మెడలోనే ఉంది. పిల్లాడికి నాలుగు పళ్ళు పుచ్చి, చెంప ఉబ్బి ఉంది. వారం రోజులుగా నిద్ర లేదని తల్లి కళ్ళు చెబుతున్నాయి. పదకొండింటికి రావలసిన ఇంకో పిల్ల పేరు కూడా పుస్తకంలో ఉంది.

సక్షనక్క పిల్లాణ్ణి చెప్పులు విప్పించి తూకం మీద నిలబెట్టింది. పన్నెండు కిలోలు. పొద్దున్న ఏం తిన్నాడని అడిగింది.

"ఏమీ తినలేదండీ. ఏడుస్తుంటే ఏడింటికి కాసిని పాలు పట్టాను."

ముక్కు కారుతోంది. వీపు మీద చెవి పెడితే పిల్లికూతలాంటి చప్పుడు. చూడవలసిన నాలుగింటిలో బరువు తప్ప మిగిలిన మూడూ వద్దన్నాయి. ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది.

"ఈ రోజు వద్దు సార్. పాలు తాగి రెండున్నర గంటలే అయింది. జలుబు ఉంది, గుండెల్లో చప్పుడు ఉంది."

"అయితే?"

"మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది సార్. ఊపిరి కూడా సరిగా అందదు."

"మూడు రోజులు ఏసీలో కూర్చుని వచ్చి నాకు పాఠం చెబుతున్నావా? సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంది?"

"మీదే సార్."

"అది గుర్తుంచుకో." ఆయన కోటు గుండీలు పెట్టుకుని బయటికి వచ్చాడు. వస్తూ వస్తూ బోర్డు మీది నవ్వు తెచ్చుకున్నాడు. "ఏం భయపడకండమ్మా. పావుగంటలో నిద్రపోతాడు, గంటలో ఇంటికి."

"భయం లేదండీ," అంది తల్లి. గోడ వైపు చూపించింది. "అది చూసే వచ్చాను. మా ఆయన పెద్దాసుపత్రికే వెళ్దామన్నాడు. నేనే పట్టుబట్టాను, పరీక్షలో మొదటి స్థానం వచ్చిన డాక్టరు ఇక్కడ ఉండగా అక్కడిదాకా ఎందుకని. ఫోన్లో ఫొటో చూపించాను. ఆయన కూడా సరేనన్నాడు."

సక్షనక్క మందుల బల్ల దగ్గర నిలబడి ఆ మాట విన్నది. వారం రోజులుగా ఆమె డాక్టరుని అసహ్యించుకుంటోంది. హాల్లో నలభై మందినీ అసహ్యించుకుంది. ఈ పిల్లాణ్ణి ఈ సోఫా మీదికి తెచ్చింది మాత్రం వాళ్ళెవరూ కాదు. ఆ కాగితం తను సంపాదించింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది తనే.

డాక్టరు సిరప్ సీసా మూత తీసి, కళ్ళతో పిల్లాణ్ణి కొలిచి, "పదిహేను కిలోలుంటాడు," అంటూ చిన్న గ్లాసులో ఒంపాడు. సక్షనక్క ఆ గ్లాసు మీద తన అరచెయ్యి పెట్టింది.

"ఆ పరీక్ష సార్ రాయలేదమ్మా. నేను రాశాను."

డాక్టరు నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తియ్యడం మరిచిపోయాడు.

"ఏమంటున్నావు?" అంది తల్లి.

"సార్ ఆ శిక్షణకి రాలేదు. ఆయన బదులు నేను కూర్చున్నాను. బాబుకి ఈ రోజు మత్తు ఇవ్వకూడదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. జలుబు తగ్గాక, పొద్దున్న పాలు పట్టకుండా."

తల్లి పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. డాక్టరు వైపు ఒకసారి చూసింది. తరవాత చాలాసేపు సక్షనక్క వైపే చూసింది.

"నువ్వు డాక్టరువా?"

"కాదమ్మా."

"నర్సువా?"

"కాదు. ఇక్కడ సాయంగా ఉంటాను. కానీ నాకు తెలుసమ్మా. అది నిజంగా నేర్చుకున్నాను. నలభై మందిలో..."

"అంటే తెలిసినదానివి డాక్టరువి కాదు, డాక్టరుకి తెలియదు," అంది తల్లి. గొంతు పెంచలేదు. "అయితే ఇక్కడ ఎవరూ లేరన్నమాట. మొన్నటిదాకా దొంగ కాగితం రాసిపెట్టి, ఇవాళ నాకు మంచి చెబుతున్నావు. పెద్దాసుపత్రికి వెళ్ళమన్నది కూడా నిజమో కాదో నాకెలా తెలియాలి?"

ఆ తల్లి చూపు సక్షనక్కకి బాగా తెలిసినదే. ఈ వారం అంతా తను అందరినీ చూసిన చూపు అది. అది తన మీదికి తిరిగితే ఎలా ఉంటుందో ఆమె అనుకోలేదు. తల్లి పిల్లాడి చెప్పులు ఏరుకుని, వాటిని తొడగకుండానే చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

డాక్టరు తలుపు వేశాడు. కేకలు వేస్తాడనుకుంది. వెయ్యలేదు.

"సంతకాలు ఎవరి చేతివి?" అన్నాడు మెల్లగా. "నావి కావని నేనంటే నీ గతేమిటి? నేను ఫొటో దిగి వచ్చాను, తరవాత నా పేరుతో ఎవరు కూర్చున్నారో నాకేం తెలుసు? ఆలోచించుకో. కూతురు పదో తరగతి అన్నావు." గ్లాసులో ఒంపిన సిరప్ తిరిగి సీసాలో పోశాడు. "పదకొండింటికి పిల్ల వస్తుంది. ఇంకోసారి నోరు లేవకూడదు. ఇది లోపల పెట్టు."

ఆమె సీసా తీసుకుంది. మందుల బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం చెవి కొంగున ముడివేసుకుని, పరికరాలు ఉడకబెట్టే గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. యంత్రం ఆవిరి చిమ్ముతోంది. గది వేడిగా ఉంది. గోడ గడియారంలో పదిన్నర. సంతకాల గురించి ఆయన చెప్పిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సంతకాలు తనవే. భయం వేసింది. స్టూలు లాక్కుని కూర్చుని ఫోను తీసి, హాల్లో బోర్డు మీంచి రాసుకున్న నంబరు నొక్కింది.

రెండు రింగులకే మత్తు డాక్టరమ్మ ఎత్తింది. ముందు వరసలో కూర్చున్నదాన్నని చెప్పగానే ఆ గొంతులో ఉత్సాహం వచ్చింది. "ఆఁ, చెప్పండి డాక్టర్ గారూ. అప్పుడే అనుమానం వచ్చిందా?"

"అమ్మా, నేను డాక్టర్ని కాదు."

"ఏంటీ?"

"కుర్చీ పక్కన గొట్టం పట్టుకునేదాన్ని. మా డాక్టరు బదులు నేను వచ్చాను. ఇప్పుడా సర్టిఫికెట్ గోడకి కొట్టి పిల్లలకి మత్తు ఇస్తున్నాడు. ఇందాక ఒక బాబుని పంపించేశాను. పదకొండింటికి ఇంకో పిల్ల వస్తుంది."

సక్షనక్క ఫోను చెవికి ఎంత గట్టిగా ఆనించిందంటే చెవి నొప్పెట్టింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఉత్సాహం లేదు, గారూ లేదు.

"మందు ఎక్కడుంది?"

"బీరువాలో అమ్మా. తాళం చెవి నా దగ్గరే ఉంది."

"ఎవరడిగినా ఇవ్వకు. మీ క్లినిక్ చిరునామా శిక్షణ కాగితాల్లో ఉంది, నేను బయల్దేరుతున్నాను, అరగంట పడుతుంది. ఎన్ని సంతకాలు పెట్టావు?"

"తొమ్మిది."

"ఆ తొమ్మిదీ నావేనని కాగితం మీద రాసి ఉంచు. నీతో పాటు నాకూ తల వంపులే, నీకు చప్పట్లు కొట్టించింది నేనే. ఆయన్ని ఆపాలంటే ఆ కాగితం కావాలి. రాస్తే నీ ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెట్టొచ్చు. అది చెప్పకుండా నీ చేత రాయించను. రాస్తావా?"

"రాస్తానమ్మా."

"కింద సంతకం నీది పెట్టు. నీ సొంత పేరు."

ఫోను పెట్టేసింది. సక్షనక్క గోడకి వేలాడుతున్న రికార్డు పుస్తకం వెనక నుంచి ఒక తెల్ల కాగితం చింపింది. తేదీ వేసింది. ఏం జరిగిందో వరసగా రాసుకుంటూ వచ్చింది. శనివారం పాప పెదవులు, బ్యాడ్జి, ప్రశ్నల కాగితం, పొద్దుటి బాబు బరువు, అన్నీ. చివర సంతకం దగ్గరికి వచ్చేసరికి పెన్ను దానంతట అదే డాక్టరు మెలిక తిరగబోయింది. ఆపి, కొట్టేసి, పక్కన తన పేరు ఒక్కో అక్షరమే కూడబలుక్కుని రాసింది. బయట తలుపు తడుతున్నాడు డాక్టరు. పిల్ల వచ్చేసిందట, తాళం చెవి కావాలట. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, గడియ తీసి, ఖాళీ చేతులతో బయటికి వచ్చింది.